ముందు లోడు లిస్టు, తర్వాతే మదర్‌బోర్డు

మా మేనల్లుడు విశాఖలో మధురవాడ వైపు కట్టే అపార్ట్‌మెంట్లకి త్రీడీ వీడియోలు చేస్తాడు. ఇంకా పునాది కూడా పడని ఫ్లాట్‌లో మనం సోఫాలో కూర్చుని, బాల్కనీలోంచి సముద్రం చూస్తున్నట్టు తయారుచేసి బిల్డర్లకి ఇస్తాడన్నమాట. (ఆ బాల్కనీలోంచి నిజంగా సముద్రం కనిపిస్తుందా అన్నది వాడి పరిధిలోది కాదట.) పోయిన వేసవిలో వాడి పాత కంప్యూటర్ ఒక్క వీడియోకి రాత్రంతా మూలుగుతుంటే, కొత్తది కట్టుకుందామని నా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఫోను, ఫోనులో ఒక మదర్‌బోర్డు ఫొటో. దాని మీద బుల్లి తెర, చుట్టూ రంగురంగుల లైట్లు. ధర 62 వేలు.

"మావయ్యా, ఇది తీసుకుందామా?"

"దీనికి ఏమేం తగిలిస్తావురా?"

"అదేంటి, అన్నీ."

నేను స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. అక్కడ కొత్త ప్యానెల్ కావాలంటే మొదట అడిగే కాగితం లోడు లిస్టు. ఎన్ని మోటార్లు, ఒక్కోటి ఎంత, ఏవేవి ఒకేసారి తిరుగుతాయి, రేపు ఇంకోటి వస్తే ఎక్కడ పెడతాం. మదర్‌బోర్డు కూడా నా కంటికి ప్యానెలే. ఒక పక్క కరెంటు పంచుతుంది, ఇంకో పక్క డేటా పంచుతుంది. "అన్నీ" అని రాస్తే అది లోడు లిస్టు అవదు.

పాత క్యాలెండర్ కాగితం వెనక వాడి చేతే రాయించాను. ప్రాసెసర్: రైజెన్ 9 9950ఎక్స్, 16 కోర్లు. గ్రాఫిక్స్ కార్డు ఒకటి, మూడు స్లాట్లకి మించిన మందం. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు (బోర్డు మీదే కూర్చునే వేగమైన ఎస్‌ఎస్‌డీలు) మూడు: విండోస్‌కి ఒకటి, నడుస్తున్న పనికి ఒకటి, క్యాష్‌కి, అంటే తాత్కాలిక ఫైళ్ళకి ఒకటి. పాత హార్డ్‌డిస్కులు రెండు. పాత మెషీన్‌లోంచి పీకి తెచ్చుకునే వీడియో క్యాప్చర్ కార్డు ఒకటి. ర్యామ్ 96 జీబీ. "రేపు పెట్టబోయేవి" అన్న చోట చాలాసేపు ఆలోచించి, ఇంకో డ్రైవ్ అని రాశాడు, దాని కింద రెండో గ్రాఫిక్స్ కార్డు అని కూడా రాశాడు. "అది ఎప్పుడు?" అన్నాను. "బిల్డర్లు బిల్లులు టైముకి ఇస్తే." ఆ లైను కొట్టేయించాను.

కొట్టేయించడానికి కారణం ఉంది. రెండు కార్డులు, రెండింటికీ పూర్తిగా 16 లేన్లు (లేనంటే డేటా పోయే దారి) కావాలన్నా, వందల జీబీల్లో ర్యామ్ కావాలన్నా మామూలు డెస్క్‌టాప్ బోర్డుల దగ్గర ఆగకూడదు. అవి కావాల్సినవాళ్ళ దారి థ్రెడ్‌రిప్పర్, వర్క్‌స్టేషన్ల కోసం ఏఎండీ చేసే పెద్ద ప్రాసెసర్. టీఆర్‌ఎక్స్50 బోర్డుల్లో మెమరీకి నాలుగు ఛానెళ్ళు, డబ్ల్యూఆర్‌ఎక్స్90 బోర్డుల్లో ఎనిమిది. ప్రాసెసరే 350 వాట్లు తాగుతుంది. పైగా వాటికి రిజిస్టర్డ్ ర్యామ్ కావాలి, షాపులో దొరికే మామూలు డీడీఆర్5 స్టిక్కులు వాటిలో పనిచెయ్యవు. బోర్డు, ర్యామ్ కలిపితేనే మనం అనుకున్న మొత్తం మెషీన్ ఖర్చు దాటిపోతుంది. ఆ పని ఉన్నవాడికి అది న్యాయమైన ఖర్చే. వస్తుందో రాదో తెలియని కార్డు కోసం మాత్రం కాదు.

సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు, దాని సంగతి తొందరగా తేల్చేశాం. ఏఎండీ ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, 7000, 8000, 9000 సిరీస్‌లు మూడూ దాని మీదే నడుస్తాయి. 2027 దాకా, ఆ పైన కూడా ఈ సాకెట్‌ని కొనసాగిస్తామని కంపెనీయే చెప్పింది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 మీద మూడు తరాలు నడిపి, 2024 అక్టోబరులో ఎల్‌జీఏ 1851కి మారింది. మూడు నాలుగేళ్ళకి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే అలవాటు వాడిది, అందుకని ఏఎం5. అయితే ఒక్క విషయంలో ఇంటెల్‌దే పైచేయి, అది లేన్ల దగ్గర చెబుతాను.

అసలు కథ ఆ లేన్ల దగ్గరే ఉంది.

9950ఎక్స్ లాంటి ఏఎం5 ప్రాసెసర్‌లోంచి 28 పీసీఐఈ లేన్లు బయటికి వస్తాయి. పీసీఐఈ అంటే కార్డులూ డ్రైవ్‌లూ ప్రాసెసర్‌తో మాట్లాడే పద్ధతి. నాలుగు చిప్‌సెట్‌కి (బోర్డు మీద మిగతా పోర్టుల్ని చూసుకునే చిప్పు) పోతాయి. మిగిలిన 24లో 16 గ్రాఫిక్స్ కార్డువి, నాలుగు మొదటి ఎం.2 స్లాటువి (ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెట్టే చోటు), చివరి నాలుగూ బోర్డు కంపెనీ ఇష్టం. రెండో ఎం.2 స్లాటుకి ఇవ్వొచ్చు, యూఎస్‌బీ4 అనే వేగమైన పోర్టుకి ఇవ్వొచ్చు. ఇంతే. 20 వేల బోర్డు కొన్నా లక్ష బోర్డు కొన్నా ప్రాసెసర్ ఇచ్చేది ఇంతే. బోర్డు మీద కనిపించే మిగతా స్లాట్లు, హార్డ్‌డిస్కులు తగిలించే సాటా పోర్టులు, నెట్‌వర్కు, ముప్పాతిక యూఎస్‌బీ పోర్టులు అన్నీ చిప్‌సెట్ వెనకే వేలాడుతుంటాయి. ఆ చిప్‌సెట్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్నది నాలుగు లేన్ల నాలుగో తరం పీసీఐఈ పైపు ఒక్కటే, సెకనుకి ఇంచుమించు 8 జీబీ. మంచి నాలుగో తరం ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఒక్కటే 7 జీబీ లాగేస్తుంది. మెయిన్ కేబుల్ సన్నగా వేసి, దాని కింద ఇరవై ప్లగ్గులు పెట్టినట్టు.

ఎక్స్670ఈ, ఎక్స్870ఈ బోర్డుల్లో చిప్‌సెట్ చిప్పులు రెండు ఉంటాయి. రెండు కదా అని పైపులు రెండనుకునేరు. ఒకదాని వెనక ఒకటి గొలుసులా కట్టి ఉంటాయి, ప్రాసెసర్ దగ్గరికి వెళ్ళే పైపు మళ్ళీ ఒక్కటే. ప్లగ్గులు పెరుగుతాయి, మెయిన్ కేబుల్ పెరగదు. ఇంటెల్ జెడ్890 బోర్డుల్లో ఇదే పైపు ఎనిమిది లేన్లది, అంటే రెట్టింపు. డ్రైవ్‌లు ఐదారు పెట్టి, అన్నిటినీ ఒకేసారి తోమేవాళ్ళు అటు చూడటంలో తప్పు లేదు. నేను చెబుతానన్నది ఇదే.

మా వాడి లిస్టుని ఈ లెక్కలో పెట్టాం. పని డ్రైవ్, క్యాష్ డ్రైవ్ రెండూ ప్రాసెసర్ లేన్ల మీద ఉండాలి, ఎందుకంటే రెండర్ (వీడియో తయారవడం) నడిచేటప్పుడు వాటి మీదే రద్దీ. విండోస్ డ్రైవ్, హార్డ్‌డిస్కులు, క్యాప్చర్ కార్డు చిప్‌సెట్ వెనక ఉన్నా నష్టం లేదు. అంటే ప్రాసెసర్‌కి నేరుగా కలిసిన ఎం.2 స్లాట్లు రెండు కావాలి, గ్రాఫిక్స్ కార్డు 16 లేన్లలో చెయ్యి పెట్టకుండా. ఇక్కడే 62 వేల బోర్డు తేలిపోయింది. ఎక్స్870, ఎక్స్870ఈ బోర్డుల్లో యూఎస్‌బీ4 తప్పనిసరి. చాలా కంపెనీలు ఆ చివరి నాలుగు లేన్లు దానికే కట్టబెడతాయి. అప్పుడు రెండో ఎం.2లో డ్రైవ్ పెడితే, కొన్ని బోర్డుల్లో యూఎస్‌బీ4 వేగం తగ్గుతుంది, కొన్నిట్లో గ్రాఫిక్స్ కార్డు 16 నుంచి 8 లేన్లకి దిగుతుంది. ఐదో తరం కార్డుకి 8 లేన్లంటే నాలుగో తరం 16తో సమానం, కొంప మునిగేదేం లేదు. కానీ వాడి దగ్గర యూఎస్‌బీ4 వస్తువు ఒక్కటీ లేదు. లేని వస్తువు కోసం ఉన్న లేన్లు ఎందుకు వదులుకోవాలి? ముందు తరం ఎక్స్670ఈలో, యూఎస్‌బీ4 లేని బోర్డు వెతికాం. 30 వేల చిల్లరకి దొరికింది.

ఈ సంగతులు డబ్బా మీద ఉండవు. డబ్బా మీద "ఎం.2 స్లాట్లు నాలుగు" అని మాత్రమే ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో ప్రతి బోర్డుకీ మాన్యువల్ పీడీఎఫ్ పెడతారు, కొనకముందే దించుకోవచ్చు. అందులో స్టోరేజీ, ఎక్స్‌పాన్షన్ స్లాట్ల పట్టిక కింద చుక్క గుర్తు పెట్టి చీమ తలకాయంత అక్షరాల్లో రాసేదే అసలు స్పెసిఫికేషన్. ఫలానా స్లాటు వాడితే ఫలానాది ఆగిపోతుంది అని అక్కడే ఒప్పుకుంటారు.

ఆ చుక్క గుర్తు విలువ నాకు 2019లో తెలిసింది. అప్పటి నా బోర్డులో రెండో ఎం.2లో కొత్త డ్రైవ్ పెట్టాను. మర్నాడు చూస్తే అమ్మాయి పెళ్ళి ఫొటోలున్న హార్డ్‌డిస్క్ మాయం. అమ్మకి తెలిస్తే ఏమవుతుందో అని అమ్మాయి, అమ్మాయికి తెలిస్తే ఏమంటుందో అని వాళ్ళమ్మ, ఇద్దరి టెన్షనూ నా నెత్తిన. ఒక షాపుకి పట్టుకెళ్తే డిస్క్ పోయింది, డేటా తియ్యడానికి 18 వేలవుతుందన్నారు. ఆలోచించుకుని చెబుతానని ఇంటికి తెచ్చి, ఆ రాత్రి మాన్యువల్ తిరగేశాను. రెండో ఎం.2 వాడితే 5, 6 సాటా పోర్టులు పనిచెయ్యవు, అని ఒక్క లైను. కేబుల్ తీసి రెండో నంబరు పోర్టులో పెట్టాను. పెళ్ళివారు మళ్ళీ ప్రత్యక్షం.

మందం కూడా కొలుచుకోవాలి. స్లాటుకీ స్లాటుకీ మధ్య దూరం 20.32 మిల్లీమీటర్లు. మూడున్నర స్లాట్ల కార్డు పెడితే 70 మిల్లీమీటర్లు మింగేస్తుంది, దాని కింద స్లాటు ఉన్నా కనబడదు. మా వాడి క్యాప్చర్ కార్డుకి అట్టడుగు స్లాటే గతి, అందుకే అడుగున నాలుగు లేన్ల స్లాటు ఉన్న బోర్డే చూశాం. మామూలు ఏటీఎక్స్ బోర్డు 305 బై 244 మిల్లీమీటర్లు. డబ్బా మీద ఈ-ఏటీఎక్స్ అని ఉంటే వెడల్పు ఎంతో అంకె చూసి, క్యాబినెట్‌లో స్కేలు పెట్టి కొలవండి, ఆ పేరు కింద ఒక్కో కంపెనీ ఒక్కో వెడల్పు అమ్ముతుంది.

ఇక కరెంటు. ఇది నా పాత ఉద్యోగం కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడతాను.

9950ఎక్స్‌కి 170 వాట్లని రాస్తారు గానీ, గట్టిగా పనిచేసేటప్పుడు సాకెట్ నుంచి 230 వాట్లు తీసుకుంటుంది. వాట్లు చూస్తే చిన్నవే. కానీ ప్రాసెసర్ నడిచేది ఒక వోల్టు పైచిలుకు మీద. ఆ లెక్కన నిలకడగా 160 ఆంపియర్లు, క్షణకాలం 225 దాకా వెళ్ళడానికి ఈ తరగతి ప్రాసెసర్లకి అనుమతి ఉంది. మా ఇంటి మెయిన్ ఎంసీబీ 32 ఆంపియర్లది. ఏసీ, గీజరు, మిక్సీ అన్నీ దాని కిందే. దానికి ఐదు రెట్ల కరెంటు, అగ్గిపెట్టంత చోటులోకి వెళ్తోంది. ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో ఉండే పవర్ సప్లై డబ్బా) నుంచి వచ్చే 12 వోల్టుల్ని ఒక వోల్టుకి దించి ఈ కరెంటు తయారుచేసేదాన్నే వీఆర్‌ఎం అంటారు. ప్రాసెసర్ పక్కన హీట్‌సింక్‌ల కింద దాక్కుని ఉంటుంది.

డబ్బా మీద 16+2+2 అని రాస్తే మొదటి అంకె కోర్లకి పనిచేసే ఫేజులు, అంటే కరెంటుని పంచుకుని మోసే విడి సర్క్యూట్లు. 160 ఆంపియర్లని 8 ఫేజులు మోస్తే ఒక్కోటి 20 మొయ్యాలి, 16 మోస్తే 10 చాలు. తీగలో వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కదా, ఒక్కో ఫేజులో వేడి నాలుగో వంతుకి దిగుతుంది, మొత్తం మీద సగమవుతుంది. స్విచింగ్ నష్టాలు వేరే ఉంటాయి కాబట్టి అచ్చంగా సగం కాదనుకోండి. ఫేజులు ఎక్కువ ఉండటంలో లాభం ఈ చల్లదనమే, వేగం పెరగదు. 80 ఆంపియర్లు మొయ్యగల ఫేజులు 14 ఉంటే 1,120 ఆంపియర్లు. అంత కరెంటు ఆ సాకెట్‌లోకి ఎన్నడూ పోదు. 12, 14 ఫేజులు దాటాక ఇచ్చే ప్రతి రూపాయీ డబ్బా మీద అంకె కోసం ఇస్తున్నట్టే.

హీట్‌సింక్ మాత్రం వేలితో తడిమి చూడండి. గాలి ఆడేలా గాడులున్న నిజమైన అల్యూమినియమా, లేక సన్న రేకు మీద ప్లాస్టిక్ కవచమా? విశాఖలో ఇది అందరికంటే మనకి ముఖ్యం. సమీక్షల్లో వీఆర్‌ఎం 60 డిగ్రీలని చూపిస్తే, వాళ్ళ గది 21, 22 డిగ్రీలని గుర్తుంచుకోవాలి. మే నెల ఉక్కపోతలో ఏసీ వెయ్యని గది 34 ఉంటుంది, ఆ 12 డిగ్రీలు నేరుగా కలుపుకోండి. ఇంకో చిక్కు: ప్రాసెసర్‌కి లిక్విడ్ కూలర్ పెడితే, మామూలు ఫ్యాన్ నుంచి వీఆర్‌ఎం మీదికి వచ్చే గాలి ఆగిపోతుంది. అలాంటప్పుడు క్యాబినెట్ వెనకా పైనా ఫ్యాన్లు తప్పనిసరి. ఎనిమిది పిన్నుల పవర్ సాకెట్లు రెండుంటే ఒక్కటి తగిలించినా మెషీన్ లేస్తుంది, నేను మాత్రం రెండూ పెడతాను. పాత అలవాటు.

ర్యామ్ దగ్గర బోర్డు మీద నాలుగు స్లాట్లున్నాయి కదా అని నాలుగూ నింపొద్దు. 9000 సిరీస్‌కి రెండు స్టిక్కులతో ఏఎండీ చెప్పే వేగం 5600, నాలుగు పెడితే అదే 3600. అందుకే 24 జీబీవి నాలుగు కాకుండా 48 జీబీవి రెండు తీసుకున్నాం. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాటులోనూ నాలుగో స్లాటులోనూ పెట్టాలి. కొనేముందు ఆ స్టిక్కు పార్ట్ నంబరు బోర్డు కంపెనీ మెమరీ లిస్టులో ఉందో లేదో చూసుకోండి.

బయోస్, అంటే బోర్డుని లేపే లోపలి సాఫ్ట్‌వేర్, దాని విషయంలో ఒకే మాట: అప్‌డేట్లు వెంటవెంటనే ఇచ్చే కంపెనీయేనా? 2023 వేసవిలో 7000 సిరీస్ ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోతే, ఒక వోల్టేజీని 1.3 దగ్గర కట్టేస్తూ బయోస్‌లు వచ్చాయి. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు దెబ్బతింటున్న సంగతి బయటపడితే, ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి తప్పు సరిదిద్దే కోడ్) వచ్చింది, అదీ బయోస్ ద్వారానే. బోర్డు పేజీలో డౌన్‌లోడ్ల కింద తేదీలు చూస్తే ఎవరి శ్రద్ధ ఎంతో తెలిసిపోతుంది.

దాంతోపాటు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉండాలి. మా బోర్డు పాత స్టాకు, 9000 సిరీస్ పుట్టకముందు ప్యాక్ చేసింది. కొత్త ప్రాసెసర్‌ని అది గుర్తుపట్టదు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో బయోస్ ఫైలు వేసి, మాన్యువల్ చెప్పిన పేరు పెట్టి, గుర్తున్న పోర్టులో గుచ్చి, పవర్ కేబుళ్ళు మాత్రం తగిలించి బటన్ నొక్కితే చాలు. ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా పనవుతుంది. లైటు మినుకుమినుకుమంటున్నంత సేపూ ఎవరూ స్విచ్చు దగ్గరికి రాకూడదు. కరెంటు పోతే తంటా, యూపీఎస్ మీద చెయ్యండి.

కరెంటు అంటే గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కూర్మన్నపాలెంలో కరెంటు లేక కంప్యూటర్ ఊసే మర్చిపోయాం. ప్లగ్గు పీకడం కూడా మర్చిపోయాను. కరెంటు వచ్చీపోతూ ఆడిన రోజు నా అప్పటి బోర్డు పోయింది. మోటార్లకి ప్రొటెక్షన్ పెట్టి బతికినవాణ్ణి, ఇంట్లో ప్లగ్గు పీకలేదు!

మేనల్లుడి ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గర. అక్కడ తలుపు బోల్టులు ఏడాదికే తుప్పు పడతాయి. కాబట్టి క్యాబినెట్‌ని కిటికీ పక్కన పెట్టనివ్వలేదు. ఏసీ ఆపగానే కిటికీలు తెరిచే అలవాటు కూడా మాన్పించాను, చల్లబడ్డ లోహం మీద తడి గాలి తగిలితే నీరు పడుతుంది. ఖాళీ స్లాట్లకి, పోర్టులకి వచ్చిన ప్లాస్టిక్ మూతలు తియ్యకుండా వదిలేశాం.

బుల్లి తెర, లైట్లు, సౌండు మీద బంగారు రంగు కెపాసిటర్లు, వీటికి నేనైతే పైసా పెట్టను. రెండంకెల ఎర్రర్ కోడ్ చూపించే బుల్లి డిస్‌ప్లేకి మాత్రం పెడతాను. మెషీన్ లేవనప్పుడు ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది.

కొనడానికి ద్వారకానగర్ వెళ్ళాం. ఆన్‌లైన్‌లో రెండు వేలు తక్కువే ఉంది. కానీ ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డు సాకెట్‌కి ఉంటాయి. 1,718 పిన్నులు, వెంట్రుకంత సన్నం. ఒకటి వంగినా తప్పు మీదేనంటారు, వారంటీ రాదు. అందుకే కౌంటరు మీదే డబ్బా తెరిపించి, సాకెట్ మూత తీయించి, ఫోను టార్చి ఏటవాలుగా వేసి చూశాను. వరసలన్నీ ఒకేలా మెరవాలి, ఎక్కడైనా మెరుపు తేడాగా ఉంటే అక్కడ పిన్ను వంగినట్టు. ఫొటో తీసుకుని, మూత మళ్ళీ పెట్టించాను. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించాను. షాపబ్బాయి మొదట విసుక్కున్నాడు గానీ, తర్వాత వాడూ వంగి చూడటం మొదలెట్టాడు. ఆ ప్లాస్టిక్ మూత పారెయ్యకండి, రేపు సర్వీసుకి ఇవ్వాల్సొస్తే అది లేకుండా తీసుకోరు.

బిగించడమంతా వాడే చేసుకున్నాడు. రాత్రి పదిన్నరకి ఫోను.

"మావయ్యా, స్క్రీన్ రావడం లేదు. బోర్డు పోయినట్టుంది."

"ఫ్యాన్లు తిరుగుతున్నాయా?"

"తిరుగుతున్నాయి. కోడ్ ఏదో మారుతోంది."

"అయితే ఏదీ ముట్టుకోకుండా కూర్చో. టీ పెట్టుకో."

డీడీఆర్5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌తో సర్దుబాటు చేసుకుంటుంది, 96 జీబీ అయితే నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో కంగారుపడి ఆపేస్తే మళ్ళీ మొదటికే. ఫోను పెట్టకుండా అలాగే ఉన్నాం, అటు నుంచి ఫ్యాన్ల చప్పుడు వినబడుతోంది. ఏడెనిమిది నిమిషాలకి "వచ్చింది, వచ్చింది" అన్నాడు. బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగానికి నడిపే సెట్టింగు) ఆన్ చేసి సేవ్ కొట్టమన్నాను. స్క్రీన్ మళ్ళీ నల్లబడింది. ఈసారి వాడు అడక్కుండానే టీ తాగడానికి వెళ్ళాడు.